గోడ ఇచ్చినవాళ్ళం

భరణి కార్తె, గనిలోకి దిగిన వారం

డాక్టరమ్మ ఈ ఏడు కూడా మనిషికో, ఎంత రాసినా నిండని పలక ఇచ్చింది. ఎండలు తగ్గి పైకి ఎక్కేదాకా దాంట్లో ఏదో ఒకటి రాస్తూ ఉండాలట, లేకపోతే కింద చీకట్లో బుర్ర పాడవుతుందట. నిరుడు నా పలక చదివి, "దీంట్ల నీ గురించి ఒక్క ముక్క లేదు వనజా, అంతా టీవీ లొల్లే" అంది. నా గురించి రాయడానికి ఏముంటుంది? పొద్దున్నే గని మూతి దగ్గర వట్టివేళ్ళ తడికలు తడుపుతాను. సాయంత్రం మళ్ళీ తడుపుతాను. అవి తడిగా ఉన్నంతసేపు లోపలికి చల్లగాలి వస్తుంది, ఆరితే పైనున్న నిప్పంతా వస్తుంది. నాతో పాటు కౌసల్య వదిన తడుపుతుంది. మిగిలిన కాలమంతా టీవీయే.

అసలు సంగతికి వస్తాను. 'ఎండ ఇల్లు' మొదలైంది! అదీ ఈసారి మా నల్లవాగు గుట్ట మీదే, సరిగ్గా మా నెత్తిన. జనమంతా పాత బొగ్గు గనుల్లోకి దిగిపోయే కాలంలో, అద్దాల కప్పు వేసిన ఇంట్లో ముగ్గురు మనుషులు వేసవంతా గడపాలి. గెలిచినవాళ్ళకు కొండల మీది శీతల నగరంలో సొంత గది. నాలుగు గోడలు, తలుపు, తలుపుకు లోపలివైపు గొళ్ళెం. ఆ గొళ్ళేన్ని దగ్గరగా చూపించినప్పుడు మా సొరంగమంతా అబ్బా అంది. మాకు గోడలెక్కడివి? గాలి ఆడదని గుడ్డ కూడా అడ్డం కట్టనివ్వరు. వరసగా మంచాలు, మంచాల మీద సంసారాలు.

ఓట్లూ గీట్లూ ఈసారి లేవు. తెరలోనే కన్ను ఉందట. మనం ఎవరిని ఎంతసేపు చూస్తున్నామో అదే లెక్క పెట్టుకుంటుందట. మధ్యాహ్నం ముగ్గురూ ఎవరి గదిలో వాళ్ళుంటే వంతులవారీగా చూపిస్తారు. ఎవరి మీద చూపులు ఎక్కువ పడితే వాళ్ళ గదిలో చలువ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. "మీ చూపే వాళ్ళ చలువ" అని యాంకర్ పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. బాగుంది, ఓటు వేయడానికి మంచం దిగే పని కూడా తప్పింది అనుకున్నాను.

మొదటిరోజే కార్యక్రమం సగంలో కరెంటు పోయింది. గనిలో చీకటి అంటే కళ్ళు తెరిచినా మూసినా ఒక్కటే. ఎవరో అలవాటుగా "ఉన్నరా?" అని కేక వేశారు. "ఉన్నం!" అని మంచమంచం నుంచీ జవాబొచ్చింది. పసిపిల్లలకు కూడా అమ్మ తర్వాత వచ్చే మాట అదే. దీపాలు వచ్చేసరికి ముగ్గురిలో నాకు నచ్చిన దిలావర్ వంతు అయిపోయింది, నాకు ఒళ్ళు మండింది.

భరణి కార్తె, తెచ్చుకున్న మామిడిపళ్ళు అయిపోయిన వారం

ఫ్యాన్ల హోరులో తెర మాటలు ఎవరికీ వినబడవు. బొమ్మ కనబడుతుంది, పెదాలు కదులుతాయి, అంతే. అందుకే నేను హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విని, మాటలు చెప్పే గొట్టంలో అందరికీ చెబుతాను. చెప్పడమంటే ఉన్నది ఉన్నట్టు కాదు, కాస్త ఉప్పూ కారం వేసి. 'వనజ ముచ్చట' ఇప్పుడు పక్క గనులకు కూడా వెళుతోంది. వాళ్ళే అడిగి లైను వేయించుకున్నారు. నిన్న తడికల దగ్గర ఈ మాట నేను మూడోసారి చెప్పానని వదిన అంది.

ముగ్గురి సంగతీ రాస్తాను. దిలావర్ నా మనిషి. రోజూ వాకిట్లో బండ మీద గుడ్డు పగలగొట్టి, ఎండకే అట్టు వేసి, దానికి సలాం కొట్టి తింటాడు. సుహాసిని పూటకో చీర మారుస్తుంది. ఎవరూ లేని ఇంట్లో ఎవరి కోసమమ్మా అంటే, "ఎండకు కూడా కండ్లుంటయి" అంటుంది. ఆ మాటకు నేను గొట్టంలో అరనిమిషం నవ్వాను.

మూడో మనిషి సరోజన. ఎర్రమట్టి గని ఆమె, మేం తడిపే తడికలు అల్లేది వాళ్ళ జనమే. వచ్చిన రెండు రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత మధ్యాహ్నం తన వంతు రాగానే ఏడుపు. గోడవైపు కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, రోజూ అదే ఏడుపు.

మా గనుల్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఏడుస్తున్నా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటున్నా, చుట్టూ ఉన్నవాళ్ళం గమ్మున అటు తిరిగి కూర్చుంటాం. దాన్ని గోడ ఇవ్వడం అంటాం. మా వీపులే వాళ్ళకు గోడలు. పోయినేడు మా అమ్మ పోయినప్పుడు ఈ సొరంగం మొత్తం నాకు గోడ ఇచ్చింది, పొద్దుగూకేదాకా ఒక్క తలా ఇటు తిరగలేదు. అంతకు మించిన మర్యాద నాకు తెలియదు.

నిన్న సరోజన వంతు వచ్చింది, ఏడుపు మొదలైంది. గొట్టంలో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. "అయ్యో, మన గనుల బిడ్డే గదా. అంత మంది మధ్యల ఏడుస్తాంది. జెర గోడియ్యుండ్రే" అన్నాను. తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. బుచ్చిరాములు తాత ఆ మూల నుంచి "మంచి మాటన్నవు బిడ్డా!" అని అరిచాడు. మిగతా గనుల నుంచి కూడా మెచ్చుకోలు వచ్చింది. ఆ పూట నాకు అన్నం ఎక్కువే సయించింది.

కృత్తిక కార్తె మొదలు

గోడ ఇవ్వడం ఇప్పుడు అన్ని గనుల్లోనూ ఒక ఆటైంది. సరోజన ఏడవకముందే, ఆమె గది తలుపు కనబడగానే జనం అటు తిరుగుతున్నారు. ఆ టైముకే గిన్నెలు తోముకుంటున్నారు, పిల్లలకు పేలు చూస్తున్నారు. "సరోజన గోడ అయిందా?" అని అడిగి మరీ ఇటు తిరుగుతున్నారు. ఆ వెంటనే దిలావర్ వంతు కాబట్టి అందరూ తీరిగ్గా, తాజాగా చూస్తున్నారు. నేను కూడా ఆమె వంతులో గొట్టం పక్కన పెట్టి చాయ్ తాగుతున్నాను.

కానీ చెవులకున్నవి తీయను. అందుకే ఒక మాట విన్నాను, అది ఇక్కడ రాయక తప్పదు. సరోజన ఊరికే ఏడవడం లేదు. మధ్య మధ్యలో తలెత్తి, గోడ వంక చూసి, మెల్లగా "ఉన్నరా?" అంటోంది. కాసేపు ఆగుతుంది, చెవి ఒగ్గినట్టు. మళ్ళీ "ఉన్నరా?" అంటుంది.

మొదటిసారి విన్నప్పుడు నా గొంతులోనే "ఉన్నం" వచ్చి ఆగింది. గొట్టంలో చెబితే సొరంగాలన్నీ కలిసి జవాబు ఇచ్చేవే. చెప్పలేదు. చాటుగా ఏడ్చే మనిషి మాటలు బయట పెట్టకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బాగానే కుదిరింది నాకు ఆ సాకు.

ఈ రోజు సాయంత్రం తడికల దగ్గర వదిన బిందె దించి నిలబడింది.

"ఆ సరోజన అర్ర ముల్లు చూస్తున్నవా? ఎర్రగైంది."

తెర కింద గది వేడి చూపించే ముల్లు ఒకటి ఉంటుంది. చూశాననే అన్నాను.

"అందరం వీపులు చూపిస్తే చలువెట్లొస్తదే? చూపులకే గదా చలువ. నువ్వే జెప్పినవు మొదటి రోజు."

"ఏడుపు మానితే జనమే చూస్తరు వదినా. నేనేమన్న చూడొద్దన్ననా? మర్యాద చెయ్యమన్న."

"మర్యాదేనా?" వదిన తడిక మీద నీళ్ళు గుమ్మరించింది. "నీకు దిలావర్ గెలువాలె. గంతే."

నేను ఇంకో బిందె తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాను. అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అబద్ధమైతే నవ్వేసి ఉండేదాన్ని.

రోహిణి కార్తె మొదలు

పైన ఎండ పిచ్చి పట్టినట్టు ఉంది. తడిక ఇటు తడిపితే అటు ఆరుతోంది. ఈ ఎండలో గుట్ట మీద అద్దాల కింద చలువ లేని గది ఎలా ఉంటుందో ఆలోచించకుండా ఉందామనుకుంటాను, చేతిలో తడి గడ్డి పెట్టుకుని ఆలోచించకుండా ఎలా ఉంటాను?

సరోజన ఇప్పుడు మంచం కింద పడుకుంటోంది. తాగే నీళ్ళతో కొంగు తడిపి మొహం మీద వేసుకుంటోంది. "ఉన్నరా" అనడం మాత్రం మానలేదు, గొంతు పెగలకపోయినా పెదాలు అలాగే కదులుతున్నాయి.

మొన్న ఆమె వంతు రాగానే గొట్టం అందుకుని, "ఇటు తిరుగుండ్రి! సరోజనను చూడుండ్రి! చూడకపోతే ఆమెకు చలువ లేదు" అని అరిచాను. కొందరు తిరిగారు. తెర మీద కొంగు కింద వెక్కుతున్న మనిషి కనబడింది. సిగ్గుపడి మళ్ళీ అటు తిరిగారు. తాత కర్ర నేలకు కొట్టాడు.

"ఏడ్చే ఆడిబిడ్డను కండ్లప్పగించి చూడమంటవా? ఇదేం బుద్ధే వనజా? మొన్న గోడియ్యమన్నది నువ్వేనాయె!"

"తాతా, అది నేను తప్పు జెప్పిన..."

"తప్పేమున్నది దాంట్ల? నీ జన్మల అన్న ఒక్క మంచి మాట అదే."

కార్యక్రమం వాళ్ళకు కూడా లైను కలిపించుకుని మాట్లాడాను. ఆమెను బయటికి తీసుకురండి అన్నాను. గదిలో గంట ఉంది, వద్దనుకుంటే ఆమే కొట్టవచ్చు, కొట్టలేదు కాబట్టి ఉంటానన్నట్టే అన్నారు. "మీరు చూస్తూ ఉండండి మేడం" అన్నారు చివర్లో.

దాంతో ఇంకో తెలివితక్కువ పని చేశాను. మర్నాడు గొట్టంలో, "ఇవాళ సరోజనకూ సుహాసినికీ చీర కాడ పెద్ద లొల్లి! జుట్టు జుట్టు పట్టుకుంటరట!" అన్నాను. జనమంతా ఎగబడి చూశారు. లొల్లీ లేదు, సుహాసినీ లేదు. మంచం కింద ఒక మనిషి కాళ్ళు కనబడుతున్నాయి, వణుకుతున్నాయి. "థూ, ఏడుపు మీద గూడ తమాషానా" అని ఎవరో అన్నారు. ఆ తర్వాత నేను గొట్టంలో మాట్లాడినా ఎవరూ తల తిప్పలేదు.

నేనొక్కదాన్నే తెర ముందు కూర్చున్నాను, కళ్ళు ఆర్పకుండా. వదిన వచ్చి పక్కన కూర్చుంది. మా నాలుగు కళ్ళకు ఆ ముల్లు కదలనైనా లేదు.

రోహిణి కార్తె, నడుమ

సరోజన పడిపోయింది.

మంచం కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చింది. గంటవైపే అనుకుంటాను. లేచి నిలబడి, గోడకు చెయ్యి ఆనించి, "ఉన్నరా?" అని ఈసారి గట్టిగా అంది. నేను చెవులకున్నవి లాగేసి, గొట్టం పట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి "ఉన్నరా?" అని అరిచాను. సొరంగమంతా ఉలిక్కిపడి "ఉన్నం!" అంది. అలవాటు అలాంటిది. అన్ని గనులూ కలిసి ఉన్నం అన్నాయి. ఆ గదిలోకి ఆ మాట వెళ్ళే దారి లేదు. ఆమె నిలబడ్డచోటనే కూలిపోయింది.

అప్పుడు అందరూ చూశారు. ఏడుస్తున్న మనిషికి గోడ ఇస్తాం కానీ పడిపోయిన మనిషిని చూడకుండా ఎలా ఉంటాం? మంచాల మీద లేచి నిలబడి చూశారు. పసిపిల్లల్ని ఎత్తుకుని చూశారు. ముల్లు ఎరుపు నుంచి ఒక్క ఊపున నీలానికి పడింది. ఆ గది అద్దాల మీద మంచు పట్టింది. కింద పడి ఉన్న మనిషి చీర కుచ్చిళ్ళు చల్లగాలికి ఎగురుతున్నాయి. ఇన్నాళ్ళుగా ఇవ్వని చలువంతా కట్టగట్టి ఆమె మీద పోశాం.

హెడ్‌ఫోన్లు మళ్ళీ తగిలించుకుంటే, యాంకర్ పిల్ల వచ్చి, ఈ వేసవిలో ఇన్ని చూపులు ఎవరికీ పడలేదని చెప్పింది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. గొట్టం ఊడదీసి వదిన చేతికి ఇచ్చేశాను.

రోహిణి కార్తె చివర

బతికింది. దగ్గర్లో ఉన్న గని మాదే కాబట్టి మా దగ్గరికే తెచ్చారు. పైన దారులన్నీ కాలుతున్నాయి, ఎర్రమట్టికి పంపడానికి మృగశిర దాకా వీలు కాదట. డాక్టరమ్మ మంచం పక్కనే ఆమె మంచం వేశారు. వడదెబ్బ నరాలకు పాకిందట, మాట నెమ్మదిగా వస్తోంది, రెండు చేతులూ వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు మీద పడుతున్నాయి. ఆ చేతులతో ఇక తడికలు అల్లలేదని డాక్టరమ్మ నాతో అంది. నేనెందుకు అడిగానో ఆమెకు తెలియదు.

మా వాళ్ళు ఆమెను ఎంత బాగా చూసుకుంటున్నారో! ఎవరి ఇంటి పులుసు వాళ్ళు తెచ్చి పెడుతున్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు రాగానే అందరూ అటు తిరుగుతున్నారు. ఆ వీపుల వరస చూడలేక బిందె పట్టుకుని లేచిపోతున్నాను.

ఆమె కోసం మంచం దగ్గర ఒక తడిక కట్టారు, నేను రోజూ దాన్ని తడుపుతున్నాను. పేరు చెప్పలేదు. ఇవాళ ఆమే పలకరించింది.

"గిది... మా అల్లికే."

"అవునక్కా. మీ గనిదే."

కాసేపు దాన్ని చూసింది. ఆ తర్వాత మాటమాటకూ ఆగుతూ చెప్పింది. గొళ్ళెం మీద ఆశతోనే వచ్చిందట. తీరా గదిలోకి పోయి తలుపేసుకున్నాక, చుట్టూ ఎవరి ఊపిరీ వినబడక గుండె ఆగినట్టు అయిందట. పుట్టి అన్నేళ్ళలో ఒంటరిగా ఉన్నది అదే మొదటిసారి. చీకట్లో పిలిచినట్టు పిలిచిందట.

"అర్ర ఉడుకవట్టినంక... సమజైంది నాకు. ఎక్కడనో మనోళ్ళు... గోడిస్తున్నరని. ఎవలో మంచి మనిషి... గోడియ్యమని చెప్పి ఉంటరని." ఆమె నవ్వబోయింది. "సంబురమైంది. అందుకే... గంట గొట్టలే. నా మర్యాద కాపాడుతాంటే... నేనెట్ల కొడుత?"

బిందె నా చేతిలోంచి జారలేదు. జారితే బాగుండేది, ఏదో ఒక చప్పుడు అయ్యేది. దాన్ని అలాగే మోసుకుని వచ్చేశాను.

మృగశిర, వాన పడ్డ రోజు

పొద్దున పైన వాన మొదలైంది. తడికలు వాటంతట అవే తడిశాయి. మూతి దగ్గర పిల్లలు గంతులు వేస్తున్నారు, ఎవరో అప్పుడే చేపలు తెచ్చి పులుసు పెడుతున్నారు. దిలావర్ గెలిచాడు. నిన్న తెరలో గది చూపించారు, లోపలికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే.

మధ్యాహ్నం ఎర్రమట్టి వాళ్ళు సరోజనను తీసుకుపోవడానికి వస్తారని తెలిసింది. ఆమె పోతే ఇక చెప్పే అవసరమే ఉండదు. ఆ ఆలోచన వచ్చి ప్రాణం తేలికైనట్టు అనిపించింది. అలా అనిపించినందుకే లేచి వెళ్ళాను.

ఆమె మూట కట్టుకుంటోంది, ముడి పడడం లేదు. నేను కూర్చుని ముడి వేశాను. మూట వదలకుండానే చెప్పాను.

"అక్కా, గోడియ్యమన్నది నేనే. గొట్టంల అన్ని గనులకు చెప్పింది నేనే. నువ్వు ఉన్నరా అని పిలిచింది గూడ విన్న. నా ఒక్కదానికే వినబడ్డది. ఎవలకు చెప్పలే."

ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. ముఖం మాత్రం కదలలేదు.

"ఎందుకు చెప్పలే?"

ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "నాకు విసుగొచ్చింది అక్కా. నీ వంతు అయిపోతే దిలావర్ వంతొస్తదని చూసిన. మర్యాద పేరు పెట్టిన దానికి."

చాలా పెద్దగా ఏడుపు వచ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఏడుస్తూనే తలెత్తి చూశాను. మంచాలు సర్దుకుంటున్నవాళ్ళు, చేపలు కడుగుతున్నవాళ్ళు, పైకి వెళ్ళబోతున్నవాళ్ళు, అందరూ మెల్లగా అటు తిరిగారు. తాత కర్ర మీద ఒరిగి అటు తిరిగాడు. కౌసల్య వదిన కూడా కొంగు సర్దుకుని అటు తిరిగింది. ఎటు చూసినా వీపులే. వాళ్ళంతా నా మంచి కోరినవాళ్ళే. ఒక్కరైనా ఇటు తిరిగి నన్ను తిట్టరా అనిపించింది.

సరోజన తిరగలేదు. నా ఎదురుగా కూర్చుని సూటిగా నా ముఖంలోకే చూస్తోంది. ఆ కళ్ళలో జాలి ఉందని రాస్తే అబద్ధం అవుతుంది. ముక్కు కారుతున్నా, ముఖం వికారంగా ఉన్నా, చూపు తిప్పలేదు. నేను కొంగు అడ్డం పెట్టుకోబోతే వణికే చేత్తో దాన్ని పక్కకు లాగింది.

ఎర్రమట్టి వాళ్ళు వచ్చి మూట అందుకున్నారు. ఆమెను లేపి నిలబెట్టారు. రెండడుగులు వేసి ఆగింది, మళ్ళీ నావైపు తిరిగింది. క్షమించాననలేదు, అంటుందని నేను అనుకోనూ లేదు. పెదాలు కూడదీసుకుని ఒక్క మాట అంది.

"ఉన్న."